వెనక గేటు బేరం

ఆ ఏడాది మొదట్లో షావుకారు చేతిలో ఉన్నవి నాలుగు. వీధి వైపు పదహారడుగుల వాకిలి ఉన్న ప్లైవుడ్ కొట్టు, దాని వెనక పొడవాటి గోదాము, గోదాము చివర పన్నెండడుగుల ఇనుప గేటు, గేటు అవతల ఎవరిదీ కాని ఖాళీ నేల. మొదటి మూడూ తండ్రి నుంచి వచ్చినవి. నాలుగోది ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. ఆయన లెక్కలో మాత్రం మొదటి మూడింటి విలువా ఆ నాలుగోదాని మీదే నిలబడి ఉంది.

ఎందుకంటే ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. ఒక లారీ లోడు దించాలంటే నలుగురు హమాలీలకి గంట పడుతుంది. ముందు వీధిలో లారీ అయిదు నిమిషాలు ఆగితే బస్సులు హారన్లు అందుకుంటాయి, పదో నిమిషానికి పోలీసు చలానా పుస్తకంతో ప్రత్యక్షమవుతాడు. వెనక వైపైతే అడిగే నాథుడు లేడు. ఒకప్పుడు మిల్లుకి సరుకు మోసిన రైలు పట్టాల దారి అది. మిల్లు మూతపడింది, పట్టాలు ఎవరో ఊడబీకి పట్టుకుపోయారు. మైలు పొడవున ముళ్లపొదలూ, పగిలిన వాష్ బేసిన్లూ, కుక్కలూ మిగిలాయి. లారీ ఆ చివర నుంచి రివర్సులో వచ్చి షావుకారు గేటుకి వీపు ఆనించి నిలబడేది. ఆ వీధిలో ఇంకో రెండు ప్లైవుడ్ కొట్లు ఉండేవి. వెనక దారి లేక రెండూ పోయాయి. ఒకదాంట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, ఇంకోదాంట్లో కళ్లద్దాలు. జేబులో పట్టే సరుకుకి గేటుతో పనిలేదు.

ఒకరోజు పొద్దున కొట్లో కొలతలు రాసే బావమరిది గోదాములోంచి వచ్చాడు.

"బావా, మన గేటుకి మునిసిపాలిటీ వాళ్లు కాగితం అంటించారు."

"చించెయ్."

"చించేశాను. పక్క స్తంభానికి కూడా అంటించారు."

"దాన్నీ చించెయ్."

"మైలు పొడవునా అంటించారు బావా. అన్నీ చించుకుంటూ పోతే సాయంత్రం అవుతుంది. కొట్టు ఎవరు చూస్తారు?"

కాగితంలో ఉన్నది ఇది. పాత పట్టాల దారిలో నడిచేవాళ్ల కోసం ఆరడుగుల మట్టి బాట వేసి, చెట్లు నాటుతారు. పేట జనం అభిప్రాయం కోసం ఆదివారం బడి హాల్లో మీటింగు. షావుకారు 'నడిచేవాళ్ల కోసం' అనే మాట దగ్గరే ఆగిపోయాడు. నడిచేవాళ్ల కోసం అంటే లారీల కోసం కాదు. మిగతాది చదవాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

ముప్ఫై ఏళ్ల వ్యాపారంలో షావుకారు ఏ బేరగాడికీ లేదని చెప్పి ఎరగడు. ఒకరి కోసం అట్టేపెట్టిన సరుకు ఇంకొకరు అడిగితే ఇవ్వనని అనేవాడు కాదు. "మీ ఇంటికి ఇదేం ఆనుతుందండీ, టేకు తీసుకోండి. టేకైతే ఇత్తడి బందులే వేయాలి. బందులు వేశాక పాలిష్ లేకుండా ఎలా" అంటూ మెట్టు మెట్టుగా పైకి ఎక్కించేవాడు. నాలుగో మెట్టు మీద బేరగాడికి కళ్లు తిరిగి, "వద్దులెండి, మళ్లీ వస్తాం" అని తనంతట తానే దిగిపోయేవాడు. మాటా పోయేది కాదు, సరుకూ పోయేది కాదు. మునిసిపాలిటీని కూడా ఇలాగే దింపాలని షావుకారు నిశ్చయించుకున్నాడు.

మీటింగు నడిపింది రిటైరైన జాగ్రఫీ టీచరమ్మ. గోడకి పెద్ద ప్లాను తగిలించి, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చని చెప్పింది. పక్కన మునిసిపల్ ఇంజినీరు, ముప్ఫై ఏళ్లవాడు, నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. కళ్లద్దాల కొట్టువాడు లేచి బాట వద్దే వద్దని గొడవపడ్డాడు. టీచరమ్మ అతని పేరు 'వ్యతిరేకం' కింద రాసుకుంది. ఆ రాసుకోవడం చూసి షావుకారు లోపల నవ్వుకున్నాడు. వీడికి బేరం తెలియదు. ఆయన లేచి నిలబడ్డాడు.

"టీచరు గారూ, నాదొక చిన్న మాట. ఆరడుగుల బాటేంటండీ? ఇద్దరు ఎదురుపడితే ఒకరు పొదలో దిగాలి. మన పేట వాళ్లు అంత తీసిపోయారా? పన్నెండడుగులైనా ఉండొద్దూ?"

హాలంతా చప్పట్లు కొట్టింది. ప్లాను వైపు తిరిగి చూడకుండానే షావుకారు కూర్చున్నాడు.

రెండో మీటింగులో సైకిళ్లకి వేరే దారి అడిగాడు. మూడో మీటింగులో దీపాలు, బెంచీలు, బాట పొడవునా తెగని పూలమడి, మరుగుదొడ్లు, మంచినీళ్ల కుళాయిలు. నాలుగో మీటింగులో ఎవరో ఆటోలు లోపలికి వస్తాయేమోనని అనుమానపడితే, అప్పటికే ఊపు మీదున్న షావుకారు, "ఆటోలా? తోపుడు బండి కూడా రాకూడదండీ. సైకిలు తప్ప ఇంకో చక్రం పడకూడదు. రెండు చివర్లా ఇనుప స్తంభాలు పాతించండి" అన్నాడు. అయిదో మీటింగుకి ఫౌంటెన్ దాకా వెళ్లాడు. ప్రతిసారీ ఇంజినీరు మారు మాట్లాడకుండా రాసుకున్నాడు. ఆ మౌనం షావుకారుకి బాగా తెలిసిందే. లేచి పోబోయే బేరగాడి మౌనం అది.

ఇంట్లో భార్య మాత్రం అన్నం వడ్డిస్తూ అడిగింది.

"ఏవండీ, అవీ ఇవీ అన్నీ అడుగుతున్నారట. వాళ్లు ఇచ్చేస్తేనో?"

"ఇవ్వరు."

"ఎందుకివ్వరు?"

"గిట్టుబాటు కాదు. కళ్లు తిరిగి పడిపోతారు."

"వాళ్ల సొంత జేబులోది పోతేగా, కళ్లు తిరగడానికి?"

షావుకారు ముద్ద నోట్లో పెట్టుకుని నమిలాడు. బేరగాడంటే సొంత జేబు ఉన్నవాడని ఆయన ముప్ఫై ఏళ్లుగా అనుకున్నాడు. జేబు లేని బేరగాడు ఆయన కొట్టుకి ఎప్పుడూ రాలేదు. "నీకు వ్యాపారం తెలియదులే" అని మజ్జిగ పోసుకున్నాడు.

ఆరో మీటింగులో పచ్చబాట సంఘం ఏర్పడింది. టీచరమ్మ కార్యదర్శి. అధ్యక్షుడిగా షావుకారు పేరు ఎవరో అన్నారు, కాదన్నవాళ్లు లేరు. మీటింగులు పెట్టేదీ వాయిదా వేసేదీ అధ్యక్షుడే కదా అని ఆయనా ఒప్పుకున్నాడు. దండ కూడా వేయించుకున్నాడు.

నెల తిరక్కుండా ఇంజినీరు కొట్టుకి వచ్చాడు. షీట్ల దొంతర మీద చనువుగా కూర్చుని, షావుకారు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీ రుణం తీర్చుకోలేనండీ."

"ఏమైంది బాబూ?"

"మీతో చెప్పకూడదు గానీ, ఆ మట్టి బాట ఉత్తుత్తిదేనండీ. అభిప్రాయ సేకరణ జరిగిందని ఫైల్లో చూపించుకోవడానికి పెట్టాం. చిన్న పనులకి ఈ ఏడు నిధుల్లేవు, అక్కడే పడి ఉండేది. పెద్ద పనుల పద్దు ఒకటుంది, అది ఈ ఏడు ఖర్చు పెట్టకపోతే వెనక్కి పోతుంది. దానికి సైకిలు దారి ఉండాలి, దీపాలుండాలి, మరుగుదొడ్లుండాలి. అన్నిటికంటే ముందు, ఇవన్నీ జనమే నోరు తెరిచి అడిగినట్టు రాతపూర్వకంగా ఉండాలి. తొమ్మిది పేటలు తిరిగాను. అన్నిచోట్లా వద్దని గోలే. అడిగింది మీరొక్కరే."

"అయితే ఇప్పుడు..."

"అన్నీ మంజూరయ్యాయి. ఫౌంటెన్ ఒక్కటి కుదర్లేదండీ, ఏమీ అనుకోకండి."

చెప్పిన ధరకే సరుకు ఎత్తుకుపోయే బేరగాడంటే ప్రతి వ్యాపారికీ లోపల ఒక గుబులు. వాడు వెళ్లాక ఎక్కడ తప్పు చెప్పామా అని వారం రోజులు తూకం సరిచూసుకుంటాడు. షావుకారు ఇంజినీరుకి టీ తెప్పించాడు. తనకి తెప్పించుకోవడం మరిచిపోయాడు.

పని మొదలైన తీరు చూస్తే ప్రభుత్వం మీద ఆయనకున్న నమ్మకాలన్నీ తారుమారయ్యాయి. పొదలు వారంలో పోయాయి. రెండు చివర్లా ఇనుప స్తంభాలు దిగాయి. లారీవాడు వచ్చి స్తంభాల దగ్గర నుంచే ఫోన్ చేసి, లోడుతో వెనక్కి పోయాడు. మర్నాడు మేస్త్రీ గేటు ముందు సున్నంతో రెండు గీతలు గీశాడు.

"ఇదేంటయ్యా?" అన్నాడు షావుకారు.

"పూలమడి అండీ. మడి ఇటు చివర నుంచి అటు చివర దాకా తెగకుండా పోవాలట. ప్రెసిడెంటు గారు గట్టి మనిషి, ఒక్క అంగుళం తగ్గినా ఊరుకోరని మాకు చెప్పారు."

"ఆ ప్రెసిడెంటుని నేనే."

"మంచిదండీ. అయితే మీరే ఒకసారి కొలిచి చూసుకోండి."

గోదాములో షీట్లు నెలకి సరిపడా ఉన్నాయి. ఆ తరవాత కళ్లద్దాలు అమ్ముకోవాలి. షావుకారు చెప్పులేసుకుని టీచరమ్మ ఇంటికి వెళ్లాడు. ఆమె మేడ మీద గోడలకి అన్నీ ప్లానులే.

"టీచరు గారూ, నా గేటు మూసుకుపోతోంది. లారీ రాకపోతే కొట్టు లేదు."

టీచరమ్మ కళ్లజోడు సవరించుకుంది.

"మీ గేటు సంగతి మేం మొదటే చూసుకున్నాం కదండీ."

"ఎక్కడ?"

ఆమె మూలనున్న చుట్ట తీసి బల్ల మీద పరిచింది. బడి హాల్లో గోడకి తగిలించిన మొదటి ప్లాను అది. ఆరడుగుల బాట అవతలి అంచు వెంట పోతోంది. కొట్ల వెనక పదిహేనడుగులు వదిలేసి, 'సరుకు దించుకొనుటకు' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. షావుకారు గేటు దగ్గర చిన్న లారీ బొమ్మ కూడా ఉంది.

"బొమ్మ నేనే వేశాను. పాత వ్యాపారం, ఇబ్బంది పడకూడదని," అంది టీచరమ్మ. "మీరే పన్నెండడుగులు అన్నారు. తరవాత సైకిలు దారి అన్నారు. ఆ పదిహేనడుగులూ అందులోకే పోయాయి. మీరంత త్యాగం చేస్తున్నారని మా ఆయనతో ఎన్నిసార్లన్నానో."

షీటు కొనేటప్పుడు నాలుగు అంచులూ తడిమి, వేలితో కొట్టి, వాసన చూసి గానీ తీసుకోని మనిషి షావుకారు. ఆ కాగితాన్ని ఆయన ఇప్పుడు తడిమాడు. చాలా మంచి కాగితం.

ఆదివారం మీటింగులో జీవితంలో మొదటిసారి తనకి కావలసింది కావాలని అడిగాడు. అటూ ఇటూ తిప్పలేదు.

"నాకు గేటు కావాలి. అది మూస్తే నా కొట్టుతో పాటు నలుగురు హమాలీలు పోతారు. మా బావమరిదీ పోతాడు."

"నన్నెందుకు కలుపుతావు బావా," అన్నాడు వెనక బెంచీలోంచి బావమరిది. "నాకు కళ్లద్దాల కొట్లో ఎప్పుడైనా పని దొరుకుతుంది."

జనం నవ్వారు. నవ్వు తగ్గాక టీచరమ్మ పాత మీటింగుల పుస్తకం తెరిచి, సైకిలు తప్ప ఇంకో చక్రం పడకూడదని అధ్యక్షులవారు సెలవిచ్చిన పేజీ చదివింది. స్తంభాలు పీకడం కుదరదని ఇంజినీరు చెప్పాడు. చివరికి తేలింది ఇది. గేటు ముందు పూలమడి ఉండదు. లారీ స్తంభాల బయటే ఆగాలి. అక్కడినుంచి మూడు వందల గజాలు తోపుడు బండి మీద సరుకు తెచ్చుకోవచ్చు, పొద్దున అయిదున్నర నుంచి ఆరున్నర వరకే.

"దానికి బదులుగా మరుగుదొడ్ల తాళాలు మీ దగ్గరుండాలి. ఎలాగూ అయిదున్నరకి లేస్తారు కదా, మీరే తీయాలి," అంది టీచరమ్మ.

"అలాగే."

"మీ గేటు నుంచి స్తంభాల దాకా మొక్కలకి నీళ్లు."

"అలాగే."

"కుళాయిలు పాడైతే జనం మీ గోదాములోకి వచ్చి తాగుతారు."

"అలాగేనండీ."

ఒక్కదానికి కూడా బేరమాడలేదు. చేతిలో సరుకు లేనప్పుడు బేరమెలా ఆడాలో ఆయన ఎక్కడా నేర్చుకోలేదు.

కుళాయిలు రెండో నెలలోనే పాడయ్యాయి. పొద్దున నడిచేవాళ్లు వెనక గేటులోంచి దర్జాగా లోపలికి వచ్చి, నీళ్లు తాగి, షీట్ల దొంతర మీద కూర్చుని ఆయాసం తీర్చుకుంటున్నారు. "నమస్తే ప్రెసిడెంటు గారూ" అంటున్నారు. ప్లైవుడ్ ఎంతని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. మొన్న ఇంకో పేట నుంచి అయిదుగురు పెద్దమనుషులు వచ్చారు. ఇన్ని సదుపాయాలు ఎలా సాధించారో చెప్పమన్నారు.

"ఇవ్వకూడదని అడిగానండీ," అన్నాడు షావుకారు.

వాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, ఇంత చేసి కూడా ఎంత వినయమో అనుకుంటూ రాసుకుని వెళ్లిపోయారు.

ఏడాది చివర షావుకారు లెక్క చూసుకున్నాడు. కొట్టు ఉంది. గోదాము ఉంది. పన్నెండడుగుల గేటులో తోపుడు బండి పట్టేంత, అంటే ఒక రెక్క, పనిచేస్తోంది. గంటలో దిగే లోడు మూడు పొద్దుల్లో దిగుతోంది. కొత్తగా చేరినవి అధ్యక్ష పదవి ఇంకా రెండేళ్లు, తాళాలు ఎనిమిది, మొక్కలు నూట నలభై. వాటిలో బతికినవి నూట ముప్ఫై ఆరు.