మూడో సీసా

కల్లు మాన్పించాలంటే రాజోలి చుట్టుపక్కల జనం ముందు విజయమ్మ ఇల్లు అడుగుతారు. ఆ తర్వాతే దవాఖాన.

పన్నెండేళ్ల కింద ఊరి కల్లు దుకాణం నాలుగు రోజులు మూతపడింది. ఆమె మొగుడు నర్సింహులుకు నాలుక మెలితిరిగింది, చేతులు వణికాయి. లేని పాముల్ని కర్రతో కొడుతూ వీధిలో పరుగెత్తాడు. ఆ కల్లులో కలిపే నిద్రమందుకు ఒళ్లు అలవాటుపడిందనీ, ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందనీ, కొంచెం కొంచెంగా తగ్గించాలనీ డాక్టరు చెప్పాడు. వారం వారం తీసుకొచ్చి చూపించమని కూడా చెప్పాడు. విజయమ్మ మొదటి మాట పట్టుకుంది, రెండో మాట వదిలేసింది. రోజుకు ఆరు సీసాల మనిషిని ఐదుకు, నాలుగుకు, మూడుకు దించుతూ నాలుగు నెలల్లో కల్లు ఊసే మరిపించింది. అప్పటినుంచి పద్నాలుగు ఇళ్ల మగవాళ్లకు ఆమె చేతి కొలతే మందు. "కొలత తప్పొద్దు, యాళ తప్పొద్దు" అంటుంది అడిగిన వాళ్లతో.

అందుకే ఆగస్టులో కొడుకు జయపాల్ పంజాబ్ నుంచి వచ్చిన ఐదో రోజు పొద్దున మంచం మీద ముడుచుకుని వణుకుతుంటే ఆమె కంగారుపడలేదు.

జయపాల్ వరికోత మిషన్ డ్రైవరు. మిషన్లు పంజాబ్ సేటువి. ఇక్కడ యాసంగి కోతలు కాగానే వాటితోపాటే అతనూ ఉత్తరాదికి పోతాడు. ఈసారి గోధుమ కోతలయ్యాక కూడా అక్కడి షెడ్డులోనే ఉండిపోయి, ఎప్పటికన్నా రెండు నెలలు ఆలస్యంగా ఇల్లు చేరాడు. మనిషి సగమయ్యాడు. వచ్చిన నాలుగు రోజులూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. కూర్చున్నచోటే రెప్పలు వాలేవి. ముక్కు గోక్కునేవాడు. అన్నం కలిపి తినడం మరిచిపోయేవాడు. దూరం వచ్చిన బడలిక అనుకున్నారు.

ఐదో రోజు ఆవులింతలు మొదలయ్యాయి, దవడలు ఊడిపోతాయేమో అన్నట్టు. కళ్లలోంచీ ముక్కులోంచీ నీళ్లు. ఈకలు పీకిన కోడిలా ఒళ్లంతా గగుర్పాటు. కాళ్లు వాటంతటవే తన్నుకుంటున్నాయి.

"ఎన్ని సీసలు తాగుతుంటివిరా అక్కడ?" అంది విజయమ్మ.

"అక్కడ కల్లుండదమ్మా."

"అయితే సారా. పేరేదైతే ఏంది, యావ ఒక్కటే. నేనెందర్ని జూడలే."

జయపాల్ ఆమె వంక కాసేపు చూశాడు. అతనికి దారి దొరికింది. "అవునమ్మా. దినాం తాగుతుంటి," అన్నాడు.

ఆ మధ్యాహ్నమే రెండు సీసాల కల్లు ఇంటికొచ్చింది. వసారాలో కూర్చున్న నర్సింహులు వాటిని చూసి గొణిగాడు. "నా నోటికాడి సీస గుంజి పారేస్తివి. వానికేమో నీ చేత్తోనే పోస్తున్నవ్. నాకు గూడ జర వణుకొస్తున్నట్టుంది, చూడు."

"నీకు వణుకు గాదు, చీపురు దెబ్బలొస్తయి. పక్కకు జరుగు."

కల్లు తాగి జయపాల్ పడుకున్నాడు. కాళ్లు కొంచెం నెమ్మదించాయి. విజయమ్మ అదే చాలనుకుంది.

మరునాడు కోడలు సరిత సీడు పత్తి చేలో పువ్వుకు పువ్వు అద్దే క్రాసింగ్ పనికి పోయేముందు పరుపు దులిపింది. అత్తను వంటింట్లోకి పిలిచి దోసిలి విప్పింది. వెండి కాగితం ముక్క. దాని మీద పాము పాకినట్టు నల్లటి చార. పక్కన రీఫిల్ తీసేసిన పెన్ను గొట్టం.

విజయమ్మ వాసన చూసింది. పులిసి కాలిన వాసన. గంజాయి కాదు, బీడీ కాదు. ఇన్నేళ్లు మత్తు మనుషుల మధ్య తిరిగిన ముక్కుకు ఇది తెలియని వాసన.

"చాక్లెట్ కాగితం," అంది.

"చాక్లెట్ కాగితాన్ని ఎవరన్న కాలుస్తరా అత్తమ్మా? గద్వాల దవాఖానకు తీస్కపోదాం. నాకు భయమైతుంది."

"పోతే ఏమంటరో ఎరికేనా? ఊరందరికి మాన్పిచ్చినామె కొడుకే గిట్లయిండంట అంటరు. పోలీసోళ్లు ఇల్లు సోదా జేస్తరు. నాలుగు దినాలాగు బిడ్డా. కొలత మీద పెట్టిన గద."

ఆ ఇంట్లో మత్తు గురించి విజయమ్మ మాటకు ఎదురులేదు. కోడలు వాకిలి దాటాక విజయమ్మ ఆ రెండూ పొయ్యిలో వేసింది. గొట్టం మండింది. కాగితం మండలేదు, ముడుచుకుని నల్లబడి బొగ్గుల మధ్య అలాగే ఉంది. దాని మీద బూడిద కప్పింది.

ఏడో రోజు పదిగంటలప్పుడు వాకిట్లో బైకు ఆగింది. ఊరంతా చేలల్లో ఉంది, నర్సింహులు కూడా. అప్పటికి జయపాల్‌కు వణుకు మరీ ఎక్కువైందని ఆ రోజు కొలత మూడు సీసాలకు పెంచి, పొద్దుటే రెండు తాగించింది విజయమ్మ. అయినా అతను గోడకు తల ఆనించి మూలుగుతూనే ఉన్నాడు.

బైకు మనిషి హెల్మెట్ తీయలేదు. "జయపాల్ ఇల్లు ఇదేనా అమ్మా? సేటు గ్రీజు డబ్బా పంపిండు," అన్నాడు. మాటలో రాయచూరు వైపు యాస ఉంది.

మిషన్ లేని ఇంటికి గ్రీజు ఎందుకని ఆమెకు తట్టలేదు. చెంబుతో నీళ్లిచ్చింది. అతను హెల్మెట్ కొంచెం పైకి జరిపి తాగాడు. లోపలికి పోయి, రెండు నిమిషాల్లో బయటికొచ్చాడు.

"నీ కొడుకు మంచి డ్రైవరమ్మా. జర పైలంగ చూస్కో. మళ్ల వస్త," అని వెళ్లిపోయాడు.

జయపాల్ స్నానాల గదిలో దూరి గొళ్లెం పెట్టుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చిన మనిషి వేరే మనిషి. మూలుగు లేదు, వణుకు లేదు. ముఖాన ఎప్పటిదో చిన్ననాటి నవ్వు.

"నీ మందు పనిచేసిందమ్మా," అన్నాడు.

విజయమ్మ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మధ్యాహ్నం మూడో సీసా గ్లాసులోకి వంచింది.

"ఇప్పుడొద్దమ్మా. బాగనే ఉన్న గద."

"బాగయిందని ఒక్క యాళ తప్పినా మళ్ల మొదటికొస్తది. తాగు."

వద్దంటే ఎందుకు వద్దో చెప్పాలి. జయపాల్ గ్లాసు అందుకున్నాడు. సీసా అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చుంది.

అరగంటలో గురక మొదలైంది. పొరుగింటి జమ్ములమ్మ చల్లకోసం వచ్చి గడపలో ఆగింది. "ఏంది వదినే, ఎవరు గట్ల గురక పెడ్తుండ్రు?"

"పిల్లగాడే. మూడు దినాలకు నిద్రపట్టింది. గురకొచ్చిందంటే గండం గడిచినట్టే."

"గురక గాదది," అంది జమ్ములమ్మ చెవి ఒగ్గి. "గొంతుల నీళ్లు మరుగుతున్నట్టుంది."

తర్వాత ఆ చప్పుడు ఆగింది. కొంతసేపు ఏమీ వినిపించలేదు. మళ్లీ ఒక్కసారి గరగరమంది. మళ్లీ నిశ్శబ్దం, ఈసారి ఇంకొంచెం పొడుగ్గా.

అప్పుడే చేనునుంచి తిరిగొచ్చిన సరిత చేతిలోని సద్ది గిన్నె వదిలేసి మంచం దగ్గరికి ఉరికింది. అతని పెదవులు నేరేడుపండు తిన్నట్టున్నాయి. గోళ్లు కూడా. జుట్టు పట్టి ఊపింది, చెంప మీద కొట్టింది. రెప్ప కదల్లేదు. అత్తను అడక్కుండా 108కు ఫోన్ కలిపింది.

ఫోన్లోని మనిషి చెప్పినట్టు పక్కకు తిప్పి, గడ్డం పైకెత్తి పట్టుకుని కూర్చుంది. అంబులెన్స్ రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోపు ఇంటినిండా జనం. అందులో సగం మంది విజయమ్మ కల్లు మాన్పించిన ఇళ్లవాళ్లే.

అంబులెన్స్‌లో వచ్చిన టెక్నీషియన్ జగదీశ్ ముక్కు మీద మాస్కు పెట్టి గాలి సంచి నొక్కడం మొదలుపెట్టాడు. ఒక చేత్తో రెప్ప ఎత్తి టార్చి వేశాడు. కంటిపాప ఆవగింజంత ఉంది.

"ఏం తీసుకుండు?"

"కల్లు," అంది విజయమ్మ. "మూడు సీసలు."

"ఒక్క కల్లుకు కన్ను గిట్ల గాదు. ఇంకేదో ఉంది. అమ్మా, నేను పోలీసు గాదు. అదేందో తెలిస్తే దానికి ఇంజెక్షనుంది. డాక్టరుకు ఇప్పుడే ఫోన్ చేస్త, తయారుగ పెట్టుకుంటరు. తెల్వకపోతే గద్వాల పోయినంక వెతుకుడే, అంతసేపు ఈయన ఆగడు."

అందరూ ఆమె వైపే చూస్తున్నారు. కిందటేడు మొగుడికి మాన్పించినందుకు కొత్త చీర పెట్టిన మనిషి కూడా వాళ్లలో ఉంది. సరిత అత్త నోటివంకే చూస్తోంది.

జగదీశ్ సంచి నాలుగుసార్లు నొక్కాడు.

"వెండి కాగితం మీద ఏదో కాల్చి పీలుస్తుండు," అంది చివరికి. "పుల్లటి వాసన. పరుపు కింద దొరికింది. నేనే పొయ్యిల ఏసిన. ఇయ్యాల ఎవడో వచ్చి మళ్ల ఇచ్చిపోయిండు. నేనే నీళ్లిచ్చి లోపటికి పంపిన."

జనంలో ఎవరో నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. జగదీశ్ అప్పటికే ఫోన్లో ఉన్నాడు. "హెరాయిన్ లెక్కుంది మేడం, మీద మత్తు కల్లు గూడ," అంటున్నాడు.

దారంతా అతను నొక్కుతూనే ఉన్నాడు. చెయ్యి నొప్పెట్టినప్పుడు సరితకు నేర్పి ఆమె చేతికిచ్చాడు. గద్వాల చేరేసరికి జయపాల్ సొంతంగా తీసుకునే ఊపిరి నిమిషానికి మూడు.

డాక్టర్ అర్చన దవాఖాన వాకిట్లోనే సిరంజితో నిలబడి ఉంది. మందు నరంలోకి పోయిన రెండు నిమిషాలకు జయపాల్ పెద్దగా గాలి పీల్చాడు. తర్వాత దగ్గాడు, కక్కాడు, పళ్లు టకటకలాడుతూ కళ్లు తెరిచాడు.

"నన్నెందుకు లేపిన్రు?" అన్నాడు.

విజయమ్మ వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుంది. డాక్టరు వెంటే వచ్చింది.

"గండం పోలేదమ్మా. ఈ ఇంజెక్షను గంటో గంటన్నరో పనిచేస్తది. ఆ పొడి అంతకన్న ఎక్కువసేపు ఉంటది. మళ్ల నిద్రలోకి జారితే మళ్ల ఇయ్యాలె. కల్లుల కలిపిన నిద్రగోళీలకు ఇది పనిచెయ్యదు. రెండూ కలిసి ఊపిరిని ఆపుతయి. రేపటిదాక బెడ్డు దిగనియ్యొద్దు."

"తర్వాత నేను ఇంట్లనే మెల్లమెల్లగ..."

"ఇంట్ల కాదు. ఇది మీరు చూసిన జబ్బు గాదు. నాలుగు దినాలు కట్టేసి ఉంచినా మానినట్టే కనపడ్తడు. ఒళ్లు ఆ అలవాటు మరిచిపోతది, మనసు మరవదు. మళ్ల పాత మోతాదే తీసుకుంటడు, ఆ రోజే పోతడు. ఇసొంటోళ్లు ఎక్కువ పోయేది మానిన కొత్తల్నే. దీనికి నాలుక కింద పెట్టే గోలి ఉంది. ఒళ్లు బాగ వణికినంకనే మొదలుపెట్టాలె, ముందు ఇస్తే ఇంకా అధ్వాన్నమైతది. రేపు పొద్దున మా మత్తు విభాగం డాక్టరు చూస్తరు. రోజూ వచ్చి మా ముందర వేసుకోవాలె. నెలలు పడ్తది, ఏండ్లు గూడ పట్టొచ్చు."

"అది గూడ మత్తే గాదా మేడం?"

"ఎక్కిచ్చేది గాదు, వణుకు ఆపేది. వణుకు ఆగితేనే మనిషి మన మాట ఇంటడు."

లోపలికి వచ్చేసరికి జయపాల్ దుప్పటి కింద ముడుచుకుని ఉన్నాడు. సరిత డాక్టరు రాసిన మందుల కోసం వెళ్లింది. అతను తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అతని చెయ్యి మంచులా ఉంది.

"పద్దెనిమిది గంటలు మిషన్ మీద కూసుంటే నడుము ఇరిగిపోతుండె. నొప్పి పోతదని పక్క డ్రైవర్ ఇచ్చిండు. మొదట నొప్పి పోయేటందుకే. తర్వాత అది లేకుంటే ఒళ్లే నాది గాకపాయె," అన్నాడు.

విజయమ్మ నడుం దగ్గర ఫోన్ మోగింది. జయపాల్ ఫోనే. అంబులెన్స్ ఎక్కేటప్పుడు తీసి దోపుకుంది. ఎత్తి, "ఎవరు?" అంది.

"ఎట్లుండమ్మా?" రాయచూరు యాస. "ఊర్ల తెలిసి వచ్చిన, ఇక్కడే గేటు కాడున్న. పరేషాన్ గాకు. పిల్లగాడు తిప్పలు పడ్తుంటే నేను సూడలేను. నువ్వు వస్తే నీ చేతికే ఇస్త."

ఆమె ఫోన్ కిందికి దించింది. జయపాల్‌కు అర్థమైంది. మోచేతి మీద లేచాడు. కళ్లల్లో కొత్తగా వెలుగు.

"అమ్మా, ఇను. ఈ దవాఖాన గోలీలు మనకెందుకు. నువ్వే పెట్టు కొలత. నువ్వే నీ చేత్తో ఇయ్యి, దినాం కొంచెం తగ్గిస్త. నాయిన మానలేదా? వాళ్లందరు మానలేదా? నువ్వైతే మాన్పిస్తవమ్మా."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. పన్నెండేళ్లు ఊరు ఆమెకు చెప్పిన మాటే అది. గేటు ఇరవై అడుగుల దూరం. పోయి తెస్తే వణుకు ఆగుతుంది. ఈ చెయ్యి వెచ్చబడుతుంది. ఆమె లేచి నిలబడింది కూడా.

"పోతున్నవా అమ్మా?"

మధ్యాహ్నం ఆ గ్లాసు అడుగుదాకా తాగించింది తనే.

"దీని కొలత నాకు తెల్వదు కొడుకా," అంది విజయమ్మ. "ఇయ్యాల చంపిందే నేను."

అతను తిట్టాడు. తల్లిని తిట్టకూడని మాటలన్నీ తిట్టాడు. సూది పీకబోతే నర్సూ, అప్పుడే వచ్చిన సరితా చేతులు పట్టుకున్నారు. విజయమ్మ ఫోన్ తీసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టి, గేటు దగ్గర ఎవడున్నాడో చెప్పింది. కానిస్టేబుల్ పోయేసరికి అక్కడ బైకు లేదు.

తెల్లారేదాకా జయపాల్ కాళ్లు మంచాన్ని తన్నుతూనే ఉన్నాయి. మధ్యలో రెండుసార్లు నిద్రలోకి జారితే మళ్లీ ఇంజెక్షను పడింది. పొద్దున మత్తు విభాగం డాక్టరు వచ్చి, చెమటనూ కళ్లనూ గగుర్పాటునూ చూసి చిన్న తెల్లటి గోలి అతని నాలుక కింద పెట్టాడు. "కరిగేదాక మింగొద్దు, మాట్లాడొద్దు," అన్నాడు.

గోలి కరగడానికి పది నిమిషాలు పట్టింది. సరిత అతని పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అరగంటకు పాదాలు కదలడం తగ్గింది. ఇంకాసేపటికి జయపాల్ నోరు విప్పాడు. తల్లి వైపు చూడలేదు.

"రేపు ఎన్ని గంటలకు సార్?"

"తొమ్మిదికి. డిశ్చార్జి అయినంక గూడ తొమ్మిదికే. దినాం బస్సెక్కి రావాలె, మానొద్దు."

విజయమ్మ కిటికీలోంచి గేటు వైపు చూసింది. ఆటోలు, చెరుకు రసం బండి, దవాఖానకు వచ్చే జనం. నలుగురైదుగురు హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు బైకుల మీద వస్తున్నారు, పోతున్నారు. నిన్నటి వాడు వాళ్లలో ఎవడో చెప్పడానికి ఆమె వాడి ముఖం చూడనే లేదు.