లక్ష దాటని కారు

నా కారు మీటరు తొంభై తొమ్మిది వేల ఐదు వందల కిలోమీటర్ల దగ్గర రెండేళ్లుగా తచ్చాడుతోంది. తచ్చాడేలా చేసింది నేనే. లక్ష దాటితే టైమింగ్ బెల్టు మార్చాలని, మార్చకపోతే అది ఏదో ఒక రోజు తెగి ఇంజన్ని బలి తీసుకుంటుందని మా కూరాలా ఊళ్లో పచ్చిక మీద బంతులు దొర్లించే ఆట ఆడుకునే బౌల్స్ క్లబ్బులో నా స్నేహితుడు నెవ్ చెప్పాడు. అయితే లక్ష దాటకుండా చూసుకుంటే సరిపోతుంది కదా అని నాకు తోచింది. ఇలాంటివి నాకే తోస్తాయి.

"బెల్టుదేముందిరా లెస్, రెండొందల డాలర్లు పారేస్తే వస్తుంది" అన్నాడు నెవ్. లెస్ అంటే నేనే. "దాని దాకా చెయ్యి వెళ్లాలంటే ముందు సగం ఇంజను విప్పాలి. విప్పాక నీళ్ల పంపు పాతదే ఉంచుతావా? ఉంచావనుకో, ఆర్నెల్లకి అది కారుద్ది, మళ్లీ మొత్తం విప్పుకోవాలి. ఓ రెండు వేలు తీసి పక్కన పెట్టుకో." పోయేది తన జేబులోంచి కాదు కాబట్టి ఎంతో హాయిగా చెప్పాడు.

రెండు వేలంటే నాకు తల తిరిగింది. ముప్ఫై ఏళ్లు గోధుమలు నిలవచేసే సైలోలో దుమ్ము మింగి రిటైరైనవాణ్ణి. అందుకని కిలోమీటర్లను పొదుపు చేయడం మొదలెట్టాను. మండుటెండలో బేకరీకి నడిచేవాణ్ణి. చెత్త పారబొయ్యాలంటే పక్కింటివాళ్ల ట్రైలర్లో నా సంచులు కూడా వేసేవాణ్ణి. ఓసారి క్లబ్బుకి ఎవరిదో ట్రాక్టరెక్కి వెళ్లాను. కారు మాత్రం షెడ్డులో దుప్పటి కప్పుకుని హాయిగా పడుకుంది. నెలకోసారి దాన్ని తుడిచి, ఏడాదికోసారి నేనే ఆయిలు మార్చి, బానెట్ మూసేసేవాణ్ణి. లోపల ఏముందో తెలియకపోయినా బానెట్ ఎత్తి గంభీరంగా చూడటం మాత్రం నాకు బాగా వచ్చు.

మరి ఊళ్లో మెకానిక్కే లేడా అంటే ఉన్నాడు. గార్త్. ఆ గార్త్ తన షెడ్డు ముందు ఎప్పుడూ ఒకటో రెండో పాత కార్లు అమ్మకానికి పెడతాడు. కూరాలాలో ఉండేవాడు కారు కొనాలంటే అక్కడే కొనాలి. ఇది ఎవరూ నోటితో చెప్పరు, పుట్టినప్పుడే తెలిసిపోతుంది. నేను మాత్రం ఏదో మిగుల్తుందని అడిలైడ్ సిటీకి వెళ్లి కొనుక్కొచ్చాను. వెనక రోడ్డున దొంగలా ఊళ్లోకి వచ్చాను. మర్నాడు గార్త్ ఆ కారుని పైనుంచి కిందిదాకా చూసి, "రంగు బాగుంది" అన్నాడు. అంతే. అప్పటిదాకా రోడ్డు మీద ఎదురుపడితే స్టీరింగు మీంచి ఒక వేలు లేపి పలకరించేవాడు. ఆ రోజు నుంచి రెండు చేతులూ స్టీరింగు మీదే. అలాంటి మనిషి దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్లి బెల్టు గురించి అడగను?

ఇదంతా నా ఒక్కడి గొడవే అయితే బాగుండేది. బ్రోకెన్ హిల్లో మా అక్క డాఫ్నీ ఒంటరిగా ఉంటుంది. ఆమెకు కళ్లు పోతున్నాయి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "ఏరా, ఎప్పుడొస్తున్నావు?" అనేది. అక్కడికి నాలుగు వందల కిలోమీటర్లు. నా లెక్క ప్రకారం లక్షకి మిగిలిన ఐదు వందలూ వెళ్లడానికి సరిపోతాయి, తిరిగి రావడానికి చాలవు.

"బెల్టు సంగతి తేలనీ అక్కా, వచ్చేస్తా."

"ఆ బెల్టెవర్రా, ఇంటికొచ్చిన కొత్తల్లుడా? దాని మర్యాదలన్నీ అయితే గానీ నువ్వు గడప దాటవా? బస్సుందిగా."

"బస్సులో నడుం పట్టేస్తుందక్కా."

ఇలా రెండేళ్లు నడిచింది. మొన్న ఆదివారం ఆమె నన్ను ఎప్పుడొస్తున్నావని అడగలేదు. "మొహాలు మధ్యలో చెరిగిపోతున్నాయిరా. అంచులే కనపడుతున్నాయి. ఆ అంచులు కూడా పోకముందే నీ మొహం ఓసారి చూసుకోవాలనుంది" అని ఫోన్ పెట్టేసింది.

మంగళవారం పొద్దున్నే కారు మీద దుప్పటి తీసి, రెండు వేలు జేబులో పెట్టుకుని గార్త్ షెడ్డుకి వెళ్లాను.

"దారి తప్పావా?" అన్నాడు గార్త్, చేతులు తుడుచుకుంటూ. "అడిలైడ్ అటేపు."

"బెల్టు మార్చాలి గార్త్. పంపుతో సహా. ఎంతైనా ఫరవాలేదు."

గార్త్ బానెట్ ఎత్తి చూశాడు. తర్వాత నన్ను చూశాడు. మళ్లీ లోపలికి చూశాడు.

"ఎవరు చెప్పారు నీకు, దీనికి బెల్టుందని?"

"నెవ్."

"నెవ్ బండి దీనికంటే పాత మోడలు. దానికుంది. నీదానికి బెల్టెక్కడిదయ్యా? లోపలుంది గొలుసు. ఆయిలు మారుస్తుంటే ఇంజన్ ఉన్నన్నాళ్లూ అదీ ఉంటుంది. నువ్వొచ్చి ఒక్క మాట అడిగుంటే ఆ రోజే చెప్పేవాణ్ణి."

"నువ్వు మాట్లాడలేదుగా."

"నువ్వడగలేదుగా."

ఎంతివ్వాలన్నాను. ఇంతలా నవ్వించినందుకు తనే నాకివ్వాలన్నాడు. సాయంత్రానికి ఊరంతా చెప్పుకునే హక్కు మాత్రం తనదేనట. సరేనన్నాను. ఇంటికి కూడా వెళ్లకుండా అటునుంచి అటే బ్రోకెన్ హిల్ రోడ్డెక్కాను. దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను, తిట్లయిపోతే మళ్లీ మొదటినుంచీ మొదలెట్టాను.

డాఫ్నీ తలుపు తీసింది. నా గొంతు విని, చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. కేకు ముక్కలు వేళ్లతో తడుముకుంటూ కొలతేసినట్టు కోసి పెట్టింది, టీ మాత్రం కప్పు కనపడక సగం సాసర్లో ఒలకబోసింది.

"ఎంతయిందిరా చివరికి?" అంది.

రెండు వేలని అబద్ధమాడితే పరువు దక్కేది. "ఏమీ అవలేదక్కా. ఆ కార్లో అసలు బెల్టే లేదు" అన్నాను.

అక్క నవ్వింది. టేబుల్ పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి ఆమె నవ్వు ఆగింది.

"నీకా సంగతెప్పుడు తెలిసింది?"

"ఇవాళ పొద్దున."

"కార్లో లేదు సరే. బస్సుకేమొచ్చిందిరా? నడుం కథలు చెప్పకు. ఎందుకు రాలేదు?"

నెవ్‌ని గానీ గార్త్‌ని గానీ అడ్డం పెట్టుకోవడానికి ఇంక కుదరలేదు.

"భయమేసిందక్కా. నేనొచ్చి ఎదురుగా నిలబడితే, ఎవరు నువ్వు అంటావేమోనని."

ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, మొహం పక్కకి, కిటికీ వైపు తిప్పింది. కోపం వచ్చిందనుకున్నాను.

"కదలకు" అంది. "ఎదురుగా చూస్తే నువ్వుండవు. ఇలా పక్కకి తిరిగితేనే అంచున పడతావు."

నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. ఆమె కిటికీ వైపు చూస్తూ నన్ను చాలాసేపు చూసింది.

"గడ్డం తెల్లబడిపోయిందేమిట్రా" అంది.

అది తెల్లబడి చాలా కాలమైంది. ఆమె చూడటం మాత్రం ఇదే మొదలు.