గొట్టములోని మెఱుఁగు

జ్యేష్ఠమాస మధ్యాహ్నము. ప్రచండమార్తాండకిరణపరంపరలచే నుడికి యావిరులు గ్రక్కుచున్న పాలకొండల బండలపైఁ బక్షి వ్రాలుటకును బాము ప్రాఁకుటకును వెఱచుచుండఁగా, పచ్చగడ్డి పరక యొక్కటియు మిగులని గద్దలగుట్ట శిఖరమున, సున్నపుఁబూఁతతోఁ గన్నులు మిఱుమిట్లు గొలుపుచు సూర్యపరిశోధనశాల యొంటిగా నిలిచియుండెను. ఆ వేళ నీడకై పరువులిడని ప్రాణి లేదు. ఆ శాలవారికో, చీఁకటిని గాచుటయే కొలువు.

సూర్యుని జూచువారికిఁ జీఁకటి యేల యందువా? చెప్పెదను వినుము. అచ్చటి దూరదర్శిని సూర్యబింబమును లోపల నొక లోహపుబిళ్లతోఁ గప్పివైచి దాని చుట్టును వ్యాపించియుండు నతిమృదులప్రభామండలమును గరుకుటద్దపుఁ దెరపైఁ జూపునట్టిది. ఆ ప్రభ బింబకాంతిలోఁ బదిలక్షలవ వంతు. గొట్టములోనికిఁ జొచ్చిన వెలుఁగులో నొక్క రవ్వ దారి తప్పి గోడకుఁ దగిలి తెరపైఁ బడెనా, యున్నది కానరాదు, లేనిది కానవచ్చును. అట్టి దిమ్మరి వెలుఁగును మ్రింగుటకై గొట్టములోపలఁ గత్తివాదరవంటి యంచులు గల యిత్తడి వలయములు పదునాఱు బిగించి, వానికిని గోడలకును ఆముదపు దీపముల మసిని బొరలు పొరలుగాఁ బట్టించినవాఁడు కమ్మోజు మౌనేశ్వరాచారి. ముప్పదియొక యేండ్లుగా నా గొట్టమునకుఁ దల్లియుఁ దండ్రియు నతఁడే.

ఇఁక శాలాధ్యక్షుఁడు ఏకామ్రనాథశర్మ మాట యెత్తవలసివచ్చినది. ఎత్తఁబోవ నా నాలుక చేఁదెక్కుచున్నది. చదువు లేదనను, కలదు, కన్నులే నెత్తికెక్కినవి. ప్రధానకార్యాలయమునుండి పరీక్షాధికారిణి పరిమళవల్లిగారు మాసాంతమున విచ్చేయుదురని జాబు వచ్చిన దినమున నతఁడు గొట్టపు మూఁత తీయించి లోపలి మసిని జూచి ముక్కు చిట్లించెను.

“ఛీ! ఇది శాస్త్రశాలయా, వంటయింటి పొగగొట్టమా? ఈ మకిల యంతయుఁ గడిగివైచి మోటారుబండ్లకుఁ బూయు నల్లరంగు పూయింపుము. అద్దమువలె మెఱయవలయును.”

“అయ్యగారూ! మెఱయుటయే ముప్పు. ఎదుట నిలిచి చూచిన నది నల్లగానే యుండును. ఏటవాలుగా వచ్చిన వెలుఁగు మాత్రము చెఱువునీటిపై విసరిన పెంకువలె దానిపై నెగిరెగిరి తెరమీఁదికిఁ బోవును” అని యాచారి చేతులు కట్టుకొని విన్నవించెను.

“సమ్మెట పట్టు చేతికి శాస్త్రమేల? చెప్పినది చేయుము.”

చేయక తప్పినది కాదు. శర్మ తాను దగ్గఱ నిలువఁబడి రంగు పూయించెను. అది చిక్కనై వలయముల వాదరలపైఁ బేరుకొని మొద్దుపెదవులు గట్టెను; ఒకచోటఁ జుక్క జాఱి గడ్డకట్టెను. మూఁత తీసి చూచిన వారెల్ల నాహా యనిరి. పైన పటారము లోన లొటార మనఁగా నిదియే.

మూఁడవనాఁడు తెరపైఁ బ్రభామండలమునకు వెలుపల సన్నని తెల్లని వలయ మొకటి, కుడిప్రక్కఁ గొంచెము కాంతి హెచ్చుగాఁ గానవచ్చెను. శర్మ యానందమునకు మేర లేదు. సూర్యుని చుట్టు నింతవఱకు నెవ్వరుఁ గానని వలయమును దాను గనుఁగొంటినని శాలలోని పండ్రెండుగురఁ బిలిచి చాటి, దానికి ‘ఏకామ్రవలయ’ మని తన పేరే పెట్టుకొనెను. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మనుమాట యిట్టివారిని జూచియే పుట్టినది కాఁబోలు!

ఆచారి యొక్కఁడే తల యడ్డముగా నూఁపెను. “అది సూర్యునిది కాదండీ. మన రంగుది.”

తాను బట్టిన కుందేటికి మూఁడే కాళ్లనువానికి నాలవ కాలు చూపించిన నేమగును? శర్మ కన్ను లెఱ్ఱవాఱెను. “గ్రుడ్డివాఁడా! ఏఁబదియెనిమిదేండ్లకే నీ చూపు పోయినది. చూపు పోయినవానికి నా శాలలోఁ బని లేదు” అని యందఱి యెదుట నఱచి, యాచారి దృష్టిహీనుఁడు గాన గొలువునుండి తొలఁగింపఁదగినవాఁడని యుత్తరువు వ్రాసి, పరిమళవల్లిగారి చేవ్రాలు కొఱకు బల్లపై నుంచెను. ఎంత క్రూరపు వ్రాఁత! పనిముట్లు చేయువానిని దొంగ యన్నను మఱియొకచోటఁ బని దొరకునేమో కాని గ్రుడ్డివాఁ డన్నచో నే శాల గడపయు నెక్కనీయరు. పరిమళవల్లిగారు వచ్చుటకు మిగిలిన పదిదినములును ఆచారి యన్నము ముట్టీముట్టక శాలకు వచ్చిపోవుచుండెను; పలుకరించినవాఁ డొక్కఁడును లేఁడు. ఆ పండ్రెండుగురను దలఁచిన నాకు నేఁటికిని నొడలు మండును.

చెప్పిన దినమునఁ బరిమళవల్లిగారు వచ్చిరి. నెరసినతల, పొడిమాట, తొందరలేని నడక. శర్మ మొదట వలయమును జూపించెను. వెనువెంటనే యుత్తరువును జూపించెను. ఆమె రెంటిని జూచి కలము మూసి యాచారివైపు తిరిగెను.

“ఆచారిగారూ! ఇది రంగుదే యని యెట్లు చెప్పఁగలరు?”

“గొట్టమును దానిని బిగించిపట్టిన పట్టీలలోఁ బావు చుట్టు త్రిప్పనిండమ్మా. సూర్యుఁడు నేను ద్రిప్పినట్లు తిరుగఁడు. వలయము సూర్యునిదైన నా కాంతి హెచ్చినచోటు కుడిప్రక్కనే నిలుచును. గొట్టముతోఁ గూడఁ దిరిగెనా, యది గొట్టముదే.”

“అనవసరము! యంత్రము చెడును!” అని శర్మ యడ్డుపడెను.

“త్రిప్పుఁడు” అని యామె యాచారితోనే యనెను.

ఆచారి మరలు వదలించెను. గొట్టము కిఱ్ఱుమని మెల్లఁగాఁ దిరుగఁగా, నందఱి కన్నులును దెరపై నుండఁగా, ఏకామ్రవలయపుఁ గాంతి కుడిప్రక్కనుండి కదలి ప్రాఁకి ప్రాఁకి పైభాగమునకుఁ జేరి, యచ్చట గొట్టము నిలువఁగాఁ దానును నిలిచెను.

పరిమళవల్లిగా రుత్తరువును రెండుగాఁ జించిరి. “ఆచారిగారూ! మీ కొలువు మీది. శర్మగారి కొలువు మాట నేను ప్రధానకార్యాలయములోఁ జెప్పుకొందును.”

శర్మ ముఖమునఁ జెమట ధారలు గట్టెను. అంతలోనే దొడ్డమనసు తెచ్చిపెట్టుకొని చిఱునవ్వు నవ్వి “సరే, సరే, ఆచారీ! జరిగినదేదో జరిగినది. మఱచిపోదము” అనెను. మఱచిపోదమఁట! కొట్టినవాఁడు దెబ్బతిన్నవానితోఁ జెప్పుమాట యిది!

ఆచారి మరలు బిగించి తుండుగుడ్డతోఁ జేతులు తుడుచుకొని యతని యెదుటికి వచ్చెను. “అయ్యగారూ! గ్రుడ్డివాఁ డన్నమాట వీరందఱి చెవులఁ బడినది. కా దన్నమాటయు వీరందఱి చెవులఁ బడవలయును.”

శర్మ పరిమళవల్లిగారి వంకఁ జూచెను. ఆమె యాచారి వంకఁ జూచుచుండెను. పండ్రెండుగురి వంకఁ జూచెను. వారు నేల చూచిరి. తుద కతఁడు గొంతులో నేదో గొణిగెను.

“వినఁబడలేదండీ” అని యాచారి.

“నీవు చూచితివి. నేను... చూడలేదు.”

ఆచారి తల యూఁపి తన బల్లకుఁ బోయి పని మొదలుపెట్టెను. క్షమించితినని మాత్ర మనలేదు. పెద్దమనసు చాలదని పిదపఁ గొంద ఱతని నాడిపోసికొనిరి. ఆడిపోసికొననిమ్ము! నిజము నొప్పుకొనుట యప్పు తీర్చుట వంటిది కాని దానము చేయుట వంటిది కాదు. దానికిఁ గృతజ్ఞతలు చెప్పఁ బనిలేదు.