ఆఖరి సీనులో లేని మాట

శకుంతల నాటకం రాసింది, ఇంట్లో మాటలు అయిపోయాయి. జరిగింది ఇంతే.

ఆమె కాగితం మీద పెట్టిన మాట, అన్నవాళ్ల నోటికి మళ్లీ రాదు. చిన్నప్పటి నుంచీ అంతే. షేక్‌పేటలో వాళ్ల గల్లీలో అందరికీ తెలిసిన సంగతే. పక్కింటి భిక్షం గోడ మీద నుంచి వంగి, "టీచరమ్మా, మా ఇంటామె సణుగుడు గూడ జర రాయరాదు? పుణ్యముంటది," అనేవాడు.

"ముందుగాల నీ అబద్ధాలు రాయమను!" అని లోపల్నుంచి భార్య.

శకుంతల కాలేజీలో తెలుగు చెప్పేది. వయసు నలభై మూడేళ్లు. పెళ్లి చేసుకోలేదు. తండ్రి లక్ష్మయ్య ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లు కట్టే వడ్రంగి. రోజంతా ఉత్తుత్తి ఇళ్లు కట్టి, సాయంత్రం సొంత ఇంటికొచ్చి అరిచేవాడు. తమ్ముడు ఓంప్రకాష్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. నెమ్మదస్తుడు.

"గా మెడల ఆఫీసు బిళ్ల ఏందిరా, గంగిరెద్దు లెక్క? ఇల్లు పట్టదా నీకు?"

"చూద్దాం నాయినా."

"ఏం జూస్తవ్? ఐదేండ్ల సంది చూస్తనే ఉన్నవ్!"

ఇద్దరి మధ్య అన్నం వడ్డించి శకుంతల విసిగిపోయింది. ఆ యేడు పోటీకి నాటకం కావాలని దర్శకుడు సూర్యనారాయణ అడిగితే, ఆ తండ్రీకొడుకులనే రాసింది. కథ వెతుక్కోనక్కర్లేదు. ఒకరు మాట విసిరే మనిషి, ఒకరు దాచుకునే మనిషి. ఇల్లు కూడా కాస్త నెమ్మదిస్తుందనుకుంది. తండ్రి తిట్లన్నీ మొదటి అంకంలో పెట్టింది. తమ్ముడి చూద్దాంలన్నీ రెండో అంకంలో.

"ఏం లచ్చన్నా, సప్పుడే లేదు?" అన్నాడు భిక్షం.

"నాటకంలకు పోయినయ్," అన్నాడు లక్ష్మయ్య, సుత్తి ఎవరికో అరువిచ్చినంత మామూలుగా. తిట్టకుండా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. క్రమంగా మాట్లాడటమే మానేశాడు.

వేరు కాపురం పెడదామని భార్య వర్ణిక అడిగినప్పుడల్లా, ఓంప్రకాష్ ఐదేళ్లుగా 'చూద్దాం' అన్న ఆ ఒక్క మాటతోనే గడుపుకొచ్చాడు. ఆ ఆదివారం ఆమె మళ్లీ అడిగింది. నోరు తెరిచాడు. మాట దొరకలేదు. "సరే," అన్నాడు.

మోతీనగర్‌లో ఫ్లాటు కిరాయికి తీసుకున్నారు. కొడుకును ఆపగల తిట్టు తండ్రి దగ్గర లేదు. సామాను ట్రాలీ ఎక్కుతుంటే, తాడు ముడి బిగించి ఇచ్చాడు.

ఇక ఇంట్లో ఇద్దరే. రోజూ సాయంత్రం లక్ష్మయ్య గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "లోపట ఎవరున్నరే?" అనేవాడు. ఉన్నది ఒక్కతేనని తెలిసీ.

"నేనే నాయినా."

రోజు మొత్తంలో ఆ ఇంట్లో వినబడేవి అవే మాటలు.

ఫిల్మ్‌నగర్‌లో ఓ రేకుల షెడ్డులో రిహార్సల్. సూర్యనారాయణ కాగితాలు తిరగేసి, "ఏంటండీ ఇది? ఆఖరి సీనులో తండ్రి ఖాళీ ఇంటికొస్తాడు, గుమ్మంలో నిలబడతాడు, మాటే లేదు! ఇక్కడ ఒక్క ముక్క పడితే హాలంతా ఏడుస్తుందండీ. మొదటి బహుమతి మనదే," అన్నాడు.

ఇరవయ్యేళ్లుగా రాస్తోంది. ఒక్క బహుమతీ రాలేదు. ఏ మాట పడాలో ఆమెకు తెలుసు. పెన్ను తీసి "లోపట" అని రాసింది. అక్కడ ఆగింది.

ఆ సాయంత్రం లక్ష్మయ్య చెప్పులు విడిచి, దేనికోసమో కాసేపు తడుముకుని, "ఎవరున్నరే?" అన్నాడు.

"నేనే," అంది శకుంతల.

మర్నాడు రిహార్సల్‌లో ఆ ఒక్క పదాన్నీ కొట్టేసింది. కొట్టేసినా పోయిన పదం తిరిగి రాదని ఆమెకు తెలుసు.

"నిలబడతాడు. అంతే," అంది.

"ఓడిపోతామండీ!"

"ఓడిపోదాం."

ఓడిపోయారు. తండ్రి వేషధారి మాట మరిచిపోయాడనుకుని జడ్జీలు మార్కులు తగ్గించారు. తర్వాత ఆ నాటకం పదకొండు ఊళ్లలో ఆడారు. ప్రతి ఊళ్లోనూ ఎవరో ఒకరు ఆ మాట రాయమన్నారు. రాయలేదు.

లక్ష్మయ్య ఇంకో ఆరేళ్లు బతికాడు. ప్రతి సాయంత్రం గుమ్మంలో అడిగాడు. ఆయన పోయాక, "ఇప్పుడు రాయొచ్చు కదండీ, ఇంకెవరి నోటిదని?" అన్నాడు, అప్పటికి సంగతి తెలిసిన సూర్యనారాయణ.

అప్పుడూ రాయలేదు.