జెస్సికా గడియ పెట్టుకున్న పొద్దు

ఇలా దగ్గరికి జరుగు చిన్నీ, ఆ ఫోను పక్కన పెట్టి విను. మన పామర్రులో ఎదురింటి జెస్సికా లేదూ, విజయవాడ ఆసుపత్రిలో నర్సు, ఆ పిల్ల సంగతి.

వరసగా నైట్ డ్యూటీలు పడి తనకి ఒళ్ళు తెలిసేది కాదు. ఇంటికొస్తూ బస్సులో కునుకేస్తే పామర్రు దాటిపోయి కూచిపూడిలో కళ్ళు తెరిచింది. మొగుడు ఫిన్నీ "కాఫీ" అని కేకేస్తే "ఏ బెడ్డండీ?" అందిట! అందరం నవ్వాం, తనూ నవ్వింది. లోపల మాత్రం ఒకటే గుబులు, ఈ మత్తులో ఏ రోగికి ఏం చేసేస్తానో అని. ఇంటికొచ్చినా నిద్రేదీ? బీపీ చూడమని అరుగు మీద వాడకట్టంతా కూచునేది. "ఇంట్లో నర్సుండగా డాక్టరెందుకూ, రండి" అని అత్తగారు అమలమ్మే పిలిచేది. "చేతికి పట్టీ చుట్టడానికి కూడా అలుపేనా?" అనేవాడు ఫిన్నీ. ఆ మాటలు మింగుతూనే వంటా, బట్టలూ.

ఒకనాడు తెల్లారి, ఆసుపత్రిలో రోగుల టిఫిన్లకి ముందు ఇన్సులిన్ వెయ్యాలి. చేతిలో సిరంజి ఉంది, మందూ ఉంది. సిరంజిలోకి ఎంత ఎక్కించిందో గుర్తు రాలేదు. ఎదురుగా పెద్దాయన చొక్కా ఎత్తుకుని "కానియ్యమ్మా" అంటున్నాడు. ఆ మందు రెండో నర్సు చూశాకే వెయ్యాలని వార్డు కట్టుబాటు. రద్దీలో ఎవరూ పాటించరు. ఇంత అనుభవం పెట్టుకుని అడగడం నామోషీ కూడానూ. అయినా జెస్సికా సిరంజి పారేసి, "తెరేసమ్మక్కా, నా కళ్ళని నేను నమ్మలేకపోతున్నా, నువ్వు చూడు" అంది. ఆ పెద్ద నర్సు దగ్గరుండి కొత్త సిరంజిలోకి మందు ఎక్కించి, కొలత చూసి, "మంచి పని చేశావే. ఇంటికెళ్ళి పడుకో, ఇంకో పని ముట్టుకున్నావో, చూడు!" అంది.

ఇంటికొస్తే అరుగు నిండా జనం. "వచ్చిందండీ మా కోడలు, చేతులు చాపండి" అంది అమలమ్మ.

"అత్తయ్యగారూ, ఇవాళ సూది వెయ్యబోతే నా చేతిని నేనే నమ్మలేదు. ఇక నుంచి నిద్రపోయి లేచాకే ఎవరినైనా చూసేది" అని జెస్సికా లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

"మరి వంటో?" అని తలుపు దగ్గర నసిగాడు ఫిన్నీ. జవాబుగా గురక వినపడింది.

అమలమ్మ మూతి ముడుచుకుంది గానీ, కాసేపటికి తనే "మెల్లిగా మాట్లాడండర్రా, పిల్ల పడుకుంది" అని అరుగు ఖాళీ చేయించింది. ఫిన్నీ పప్పు మాడ్చాడు. అందరూ అదే తిన్నారు.

మర్చిపోకు చిన్నీ, పదిమందికీ చెప్పు. చెప్పేటప్పుడు మాత్రం అలిసిపోయి పడుకుందనకు. పని తెలిసిన మనిషి గనక పడుకుందని చెప్పు.