ఏదైనా పర్లేదండీ

మా ఉపాధి కార్యాలయంలో ఎవరి పేరు పిలవాలన్నా పిన్నే పిలవాలి. ఆవిడ అమ్మకు చెల్లెలు, నా ఆఫీసులో అటెండరు. బయటివాళ్లు నన్ను ఆఫీసరు మేడమ్ అంటారు. పిన్ని మాత్రం "టీ చల్లారుతోంది, తాగి ఏడు" అంటుంది.

ఆ గొంతు వింటే గోడకు చేరబడి కునికే కుర్రాడు కూడా చొక్కా సర్దుకుని లేస్తాడు. ఆ గొంతుతో రైల్వే స్టేషన్లో బండ్ల రాకపోకలు చెప్పాలని చిన్నప్పుడు ఆవిడ కల. చదువైపోగానే పేరు నమోదు చేయించుకోవడానికి ఇక్కడికే వచ్చింది. అప్పుడు కంప్యూటర్లూ సలహాలూ లేవు, చెక్క బల్లలూ చాంతాడంత క్యూలూ తప్ప. ఎవరింటికైనా ఉద్యోగం కబురొస్తే వీధంతా తెలిసిపోయేది.

"ఏం ఉద్యోగం కావాలమ్మా?" అన్నాడు గుమాస్తా.

పెద్దవాళ్ల ముందు నోరు తెరిచి ఇది కావాలనడం మా ఇంట్లో లేదు. అన్నం దగ్గర కూడా "ఏదైనా పర్లేదు" అనడమే మర్యాద. పిన్ని అదే అంది. ఆయన అదే ఖాయం చేసుకుని ఇక్కడే మంచినీళ్లిచ్చే పనిలో పెట్టేశాడు. అడగందే అమ్మైనా పెట్టదు, ఇక గుమాస్తా ఏం పెడతాడు? ఆయన మీద నాకిప్పటికీ కోపమే. పిన్ని మీద ఇంకా కోపం.

ఇవాళ ఆవిడకు ఆఖరి రోజు. రేపట్నుంచి టోకెన్ నంబర్లు మిషను పిలుస్తుంది.

పొద్దున ఒకమ్మాయి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. గోళ్ల నిండా గ్రీజు.

"ఏం చేయాలనుందమ్మా?"

"ఏదైనా పర్లేదు మేడమ్."

నీళ్ల గ్లాసుతో వస్తున్న పిన్ని ఠక్కున ఆగిపోయింది. "ఆ మాటనకు తల్లీ! కావాల్సింది అడుగు. మహా అయితే లేదంటారు, కొట్టరుగా!"

అమ్మాయి తల వంచుకుని, "మోటార్లు బాగుచేస్తానండీ. మా అన్నకంటే బాగా" అంది. ఆమెను మెకానిక్ శిక్షణకు పంపడం ఎంతసేపటి పని! కాగితం రాసివ్వగానే నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నాకు ఏడుపొచ్చింది. "మరి నీకేం కావాలి పిన్నీ?"

"నాకేముందే, ఏదైనా..." అని నాలుక్కరుచుకుంది.

ఇద్దరం నవ్వాం. ఆవిడ నవ్వు ముందుగా ఆగిపోయింది. చేతులు కొంగుకు తుడుచుకుని హాలు మధ్యకు నడిచింది. మిషను బిగిస్తున్న ఎలక్ట్రీషియన్ని, "ఆ సుత్తి కాసేపు ఆపు నాయనా" అంది.

"ప్రయాణికులకు విజ్ఞప్తి. దయచేసి వినండి. ఉదయం రావలసిన బండి..." కొంగు సర్దుకుంది. "నలభై ఏళ్లు ఆలస్యంగా నడుచుచున్నది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

హాల్లో ఎవరూ నవ్వలేదు. తలుపు దగ్గర ఒక పెద్దాయన సంచి భుజాన వేసుకుని, బండెక్కడానికన్నట్టు లేచి నిలబడ్డాడు.