నాన్న ఎడమకన్ను

వందడుగుల దూరం నుంచి తీస్తే నాన్నకి తెలియనే తెలియదు, తెలియకపోతే బిగుసుకుపోడు, బిగుసుకుపోకపోతే ఆ ఎడమకన్ను మూతపడదు, అంతే, తేలిపోయింది, నాలుగొందల మిల్లీమీటర్ల పొడుగు లెన్సే కొనాలి అని ఆమె లెన్సుల దుకాణం మేడ మీద నిలబడి నిర్ణయించేసుకుంది, ఇంతలో షాపాయన ఎనభై అయిదు మిల్లీమీటర్లది కూడా తెచ్చి పక్కన పెట్టాడు, పొట్టిగా, బొద్దుగా, పాలపొడి డబ్బాలా, మేడమ్, మనిషి ముఖానికి దీన్ని మించింది లేదు, ఆరడుగుల దూరంలో నిలబడి కబుర్లు చెబుతూ తీసుకోవచ్చు, వెనకున్న గోడా గీడా మంచులా కరిగిపోతుంది, ఆ పొడుగుదేమో పక్షులకీ పులులకీ, ఇంతకీ మీరు తీసేది ఎవర్ని, పులినే అనుకోండి అంది ఆమె, మా నాన్నని.

పులి కాక మరేమిటి, వీధిలో పనివాళ్లు పన్నెండుమంది, పన్నెండు ఫొటోలు, రేపు ఉదయానికి ప్రదర్శనలో గోడకెక్కాలి, కుట్టుపనాయన, తాళాలావిడ, గొడుగులాయన, అందరూ చిటికెలో వచ్చేశారు, పదకొండు ఫ్రేములు ముస్తాబై కూర్చున్నాయి, పన్నెండోది వాచీలు బాగుచేసే సొంత తండ్రిది, నిన్న ఇంట్లో నలభైసార్లు తీసింది, నలభైసార్లూ ఒక కన్ను తెరిచి ఒక కన్ను మూసి, అదేంటి నాన్నా ఆ వెక్కిరింపు, నేనెక్కడ వెక్కిరించానే, రెండూ తెరువు, తెరిచే ఉన్నాయి, నీ డబ్బాయే పాడైనట్టుంది, ఇలా తే, స్క్రూలు చూస్తాను, వంటింట్లోంచి అమ్మ, ఆయనది మొదట్నుంచీ అంతేనే, పెళ్లి ఫొటోలో కూడా నాకు కన్ను కొడుతున్నట్టే ఉంటాడు, మా పెద్దమ్మ ఇప్పటికీ ఆ ఆల్బమ్ తెరవదు, తలుచుకుంటే ఆమెకి ఇప్పుడూ నవ్వొచ్చింది, నవ్వుతూనే పొడుగు లెన్సుని కెమెరాకి తగిలించి, స్టాండుకి బిగించి కిటికీలోంచి వీధి మీదికి తిప్పింది, సైకిలు గంట, ఎవరిదో చెవిపోగు, చెప్పుల దుకాణం బోర్డు, అబ్బ, ఎంత దగ్గరికొచ్చేస్తోందో, ఆ బోర్డు కింద నాన్న.

నేను పైకి రానమ్మా, అక్కడున్న ఏ అద్దమూ నా అద్దమంత దగ్గరగా చూడదు అని కిందే ఆగిపోయాడు కదా, ఇప్పుడు చెప్పుల దుకాణం అద్దంలో తన ముఖమే చూసుకుంటున్నాడు, చూపుడువేలితో ఎడమ రెప్పని పైకెత్తాడు, వేలు తీశాడు, రెప్ప జారింది, మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారింది, లోపల చెప్పులు సర్దే అమ్మాయి తనకే కన్ను కొడుతున్నాడనుకుని కళ్లెర్రజేసింది, నాన్న కంగారుగా రెండు చేతులూ జోడించాడు, పక్కకి జరిగి మళ్లీ మొదలు, అద్దంలో పెదవులు కదులుతున్నాయి, ఇంత దగ్గరగా కనిపిస్తుంటే ఆ మాట వినపడ్డట్టే ఉంది, రెండూ తెరువు, రెండూ తెరువు, అది ఆమె మాటే, విసుగుతో సహా.

వేలు బటన్ మీదే ఉంది, నొక్కితే పులి దొరికినట్టే, నొక్కలేదు, నాన్న చొక్కా జేబులో నల్లగా ఉబ్బెత్తుగా ఆ బుల్లి భూతద్దం, పన్నెండో ఏట కుడికంటికి బిగించుకున్నది, అది జారకుండా కుడికన్ను బిగిస్తే ఎడమకన్ను దానంతటదే మూతపడేది, ఇన్నేళ్లూ ఏదైనా శ్రద్ధగా చూడాలంటే ఆ కన్ను మూసుకోవడమే, మరి కెమెరా వెనక ఉన్నది కూతురు, శ్రద్ధగా చూడకుండా ఎలా ఉంటాడు.

పులి పారిపోయిందా మేడమ్, లేదండీ, ఆ పాలడబ్బా ఇవ్వండి, ఆరడుగులదే, అంటూనే కిటికీలోంచి వంగింది, నాన్నా, జేబులో అద్దం కంటికి పెట్టుకో, ఎందుకే, నా వాచీ ఆగిపోయింది, ఆగడమేంటే, మొన్నేగా చూశాను, మళ్లీ చూద్దువుగానీ ఉండు, వచ్చేస్తున్నా, ఆమె రెండేసి మెట్లు దిగుతోంది, చేతికున్న వాచీ శుభ్రంగా నడుస్తోంది, అయినా నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుంటాడు, తర్వాత కంటి దగ్గర, ఆ ఎడమకన్ను మూసుకుంటుంది, మూసుకోనీ, నాన్న చూడటమంటే అదే.